మా జాంబీ సినిమా ఎందుకు విడుదల కాలేదంటే

జగిత్యాలలో నా ఫొటో స్టూడియో ముందు నుంచి పోయే ప్రతివాడూ లోపలికి తల పెట్టి ఒకటే మాట అడుగుతాడు, నీ పీనుగుల సినిమా ఎప్పుడు వస్తుందని. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్లు అడుగుతారు. పెళ్లి ఆల్బమ్ ఆలస్యమైందని కొట్లాటకు వచ్చినవాళ్లు కూడా, కొట్లాట అయిపోయాక, వెళ్తూ వెళ్తూ అదే అడుగుతారు. ఎదురుగా మిర్చీలు వేసే ఆమె అయితే రోజూ అడగందే పొయ్యి వెలిగించదు.

సినిమా అయిపోయింది మహాప్రభో. ఎడిటింగ్ అయింది, పాట అయింది, చివర్లో పేర్లు కూడా పడ్డాయి. హార్డ్‌డిస్కులో భద్రంగా ఉంది. కానీ విడుదల చేయలేను. ఎందుకంటే మా హీరోయిన్ కోరుట్లలో బతికే ఉంది, గల్ఫ్‌లో మాత్రం చచ్చిపోయింది. సినిమా బయటికి వచ్చిందంటే ఆమె అక్కడ కూడా బతికేస్తుంది. ఆమె అక్కడ బతికిన రోజున ఆమె మొగుడి కొలువు ఊడుతుంది. ఈ సంగతి మిర్చీలామెకు ఏమని చెప్పను?

నేను పెళ్లిళ్లకు వీడియో తీసేవాణ్ణి. పదిహేనేళ్లుగా పెళ్లి భోజనాల దగ్గర జనం నడిచే నడకను కెమెరాలోంచి చూసీ చూసీ, ఎప్పటికైనా ఒక జాంబీ సినిమా తీయాలని మనసులో పడింది. చూపు గిన్నెల మీద, చేతిలో ఖాళీ పళ్లెం, వెనకవాళ్లు నెడుతుంటే ముందుకు సాగిపోవడం. మళ్లీ మేకప్పులూ గ్రాఫిక్కులూ ఎందుకు? ఉన్నవాళ్లను ఉన్నట్టు తీస్తే చాలనుకున్నాను. అంత తేలిగ్గా ఏదీ జరగదని పదిహేనేళ్ల పెళ్లిళ్లు నాకు నేర్పలేదు.

కథ మాత్రం మంచిదే, ఇప్పటికీ ఆ మాట అంటాను. మా దిక్కున మనిషి పోయాక మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడతారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, నీ బిడ్డను మంచిగా చూసుకుంటామనీ, అన్నదమ్ములం మాట్లాడుకుంటామనీ చేతులు జోడించి చెబుతారు. నా కథలో కొడుకులకు మూడు రోజులు ఆగే ఓపిక లేదు. పాడె ఎత్తకముందే, శవం పక్కనే పిట్టకు పెట్టేస్తారు. పైగా తల్లికి ప్రాణమైన బోటి కూర వండడం మరిచిపోతారు. పిట్ట ముట్టదు. విసుగెత్తిన తల్లి పాడె మీంచి తనే లేచి బోటి కూర కోసం ఊరిమీద పడుతుంది. ఆమె ఎవరిని తాకితే వాళ్లు కూడా అలాగే అయిపోయి, బతుకంతా తమకు దొరకని కూరలు వెతుక్కుంటూ తిరుగుతారు. కరవడాలు లేవు, మెదళ్లు తినడాలు లేవు. మనవాళ్లకు మెదడు ఎవరికి కావాలి?

తల్లి వేషానికి మనిషి దొరకడం గగనమైంది. అడిగిన ప్రతి ఆడమనిషీ పాడె మాట ఎత్తగానే నన్ను గుమ్మంలోంచే పంపించింది. చివరికి కోరుట్లలో ఒక పెళ్లికి వీడియో తీస్తుంటే దొరికింది. వంటవాళ్లను అదిలిస్తూ, పాట ఎత్తుకున్న ఆడవాళ్ల నోటిలోంచి పాట లాక్కుని తానే పాడుతూ, పెళ్లికొడుకు మేనమామను అందరి ముందూ ఆటపట్టిస్తూ ఆ పెళ్లంతా ఆమె చేతుల మీదే నడిచింది. నలభై దాటి ఉంటాయి. బీడీలు చేస్తుంది. మర్నాడు వాళ్ల వాడకు వెళ్లి కథ చెప్పాను. ఒళ్లో చాట పెట్టుకుని, చేతులు ఆపకుండా, ఆకు చుట్టి దారం కడుతూనే అంతా విన్నది. నన్ను తమ్మీ అన్నది, నేను అక్కా అన్నాను. చేస్తానన్నది. కానీ కథలో తప్పుందన్నది.

"బోటి కూర కోసం ఎవలన్న లేస్తరా తమ్మీ?"

"నువ్వయితే దేనికి లేస్తవక్కా?"

"మా ఆయన అస్తె లేస్త."

చుట్టూ చాటలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు, తంబాకు నలుపుతూ విషయం చెప్పింది. భర్త గల్ఫ్‌లో ఇళ్లు కట్టే కంపెనీలో ఉన్నాడు. బిడ్డ అయిదో తరగతిలో ఉండగా వచ్చి పోయాడు, ఇప్పుడు ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. సెలవు అడిగినప్పుడల్లా మనుషులు తక్కువున్నారు, వచ్చే ఏడు చూద్దామంటారట. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంటుంది. ఇంట్లో మనిషి చచ్చిపోతే మాత్రం అదే రోజు పంపిస్తారట. ఆకుల ధర చెప్పినట్టు చెప్పింది. నేను ఊఁ కొట్టాను. బయట వెలుతురు ఎటునుంచి పడుతుందో, పాడె ఎటు పెట్టాలో అని నా బాధ నాది.

ఇక షూటింగ్ సంగతి. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జాంబీలుగా కొడిమ్యాల నుంచి ఒక యూత్ సంఘం వాళ్లను తెచ్చాను. కాలు ఈడుస్తూ నడవండిరా అంటే వినాయక నిమజ్జనంలో నడిచినట్టు నడిచారు, డప్పు లేదు గానీ తక్కినదంతా ఉంది. షాటు మధ్యలో ఒక పీనుగ, అటుగా బండి మీద పోతున్న వాళ్ల మామను చూసి చెయ్యెత్తి ఎటు పోతున్నావని అడిగింది. మామ బండి ఆపి కెమెరాలోకి నడిచొచ్చి జవాబు చెప్పాడు. వాడలోంచి తెచ్చిన ముసలమ్మ జాంబీలు బావగారు ఎదురైతే కొంగు నెత్తిమీదికి లాక్కున్నారు. చచ్చాక కూడా బావగారేమిటమ్మా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. సినిమా అయినా ఊళ్లో బతకాలి కదా బిడ్డా అన్నారు.

మేకప్‌కు కోరుట్లలో సెలూన్ నడిపే భాయిని పెట్టుకున్నాను. పెళ్లికొడుకులను ముస్తాబు చేయడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. అందువల్ల అతను ముట్టుకున్న ప్రతి జాంబీ నిగనిగలాడుతూ పెళ్లికొడుకులాగే తయారైంది. రక్తానికి గులాబీ షర్బత్ వాడాడు. వాసన బాగుంటుందట. ఈగలన్నీ వచ్చి జాంబీల మీద వాలాయి, ఆ తర్వాత చీమలు పట్టాయి. పీనుగులు గోక్కుంటూ నడిచాయి. భాయ్, ఇది సినిమానా, మిఠాయి దుకాణమా అని అడిగితే, చూసేటోళ్లకు ఈగలు అసలువే అనిపిస్తాయి కదా అన్నాడు. అవి అసలువే మరి.

అన్నిటికంటే పెద్ద పేచీ మాత్రం హీరోయిన్‌తోనే. నేను ఆమెను చిరిగిన చీరలో, మట్టికొట్టుకుపోయిన జుట్టుతో పాడె మీద పడుకోబెడదామనుకున్నాను. వీల్లేదన్నది. మొగుడు బతికుండగా పోయే ఆడమనిషిని అట్లా ఎట్లా పంపుతారని అడిగింది. అది నిజమే, మా దిక్కున ముత్తైదువుగా పోయినామెకు పసుపు రాసి, నుదుట రూపాయంత బొట్టు పెట్టి, కొత్త చీర కట్టి, పూలు ముడిచి పంపుతారు. అయితే ఇది సినిమా, కథలో ఈమె విధవ అని చెప్పి చూశాను. ఆమె పుస్తెల మీద చెయ్యి వేసుకుని, ఉత్తుత్తికి కూడా నేను తీయను తమ్మీ అని ఊరుకుంది. వాడలో ఆడవాళ్లందరూ ఆమె పక్షమే. పొద్దెక్కిపోతోంది. చేసేదేం లేక అప్పటికప్పుడు కథ మార్చి, గోడ మీది తండ్రి ఫొటోకు వేసిన దండ తీయించేసి, అతను దుబాయిలో ఉన్నాడని ఒక మాట కలిపాను. ఆడవాళ్లు ఆమెకు పసుపు రాసి, పూలు పెట్టి, ముక్కులో దూది పెట్టారు. పెదవుల చుట్టూ, కళ్ల కిందా భాయి నీలంగా ఏదో రుద్దాడు. ఆ ఒక్కరోజు మాత్రం అతని చెయ్యి పెళ్లికొడుకును మరిచిపోయింది. పాడె మీద పడుకున్న ఆమెను చూసి వాళ్ల బిడ్డ ఇంట్లోకి వెళ్లిపోయింది, మళ్లీ బయటికి రాలేదు.

షూటింగ్ అంటే నాకు ఒక పద్ధతి ఉంది. ఫోన్లన్నీ ఒక బకెట్లో వేయించి, మోగకుండా పెట్టిస్తాను. లేకపోతే పీనుగులు సెల్ఫీలు దిగుతాయి. భాయి ఫోన్ ఒక్కటి వదిలేశాను, మేకప్ గుర్తుకు ఫొటోలు తీసుకోవాలి కాబట్టి. అతను ఫొటో తీసుకున్నాడు. తన పని తనకే ముచ్చటేసి దాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకున్నాడు. కింద ఒక్క అక్షరం రాయలేదు.

మా దగ్గర మనిషి పోతే ఆ సంగతి తెలిసేదే స్టేటస్‌లో. మట్టికి రాలేని గల్ఫ్‌వాళ్లు కడసారి చూపు చూసుకుంటారని, పూలతో పడుకోబెట్టిన ముఖాన్ని ఫొటో తీసి పెడతారు. దుఃఖంలో ఎవరూ కింద ఏమీ రాయరు, రాయకపోయినా అందరికీ తెలుస్తుంది. అట్లాంటిది, కోరుట్ల సెలూన్ భాయి ఫోన్లో సగం గల్ఫ్ ఉంది. అందరూ అతని దగ్గర గడ్డం గీయించుకుని విమానం ఎక్కినవాళ్లే.

మేము పిట్టకు పెట్టే సీన్ తీస్తున్నాం. కథ ప్రకారం పిట్ట ముట్టకూడదు. కానీ విస్తరి పెట్టీ పెట్టగానే ఎక్కడెక్కడి కాకులో దిగి విస్తట్లో పెట్టినవే కాక, మా భోజనాలకని వండించిన బోటి కూర కూడా ఊడ్చిపెట్టి పోయాయి. మళ్లీ పెట్టాం, మళ్లీ తిన్నాయి. కాకులను తోలడానికి ఇద్దరు జాంబీలను పెట్టాను. ఈలోపు పాడె మీద పడుకున్న ఆమె లేచే షాటు. లే అక్కా, కొయ్యబారినట్టు ఒక్కసారిగా లే అంటే, మోకాలి మీద చెయ్యి వేసి, అబ్బా అంటూ, పొద్దున్నే వాకిలి ఊడవడానికి లేచినట్టు లేచింది. ఎన్నిసార్లు తీసినా అట్లాగే లేచింది. ప్రాణం విసిగిపోయి అన్నానికి ఆపాను.

బకెట్లోంచి ఫోన్లు తీస్తే ఆమె ఫోన్ నిండా మిస్డ్ కాల్సే. అన్నీ మొగుడి నంబరే. ఆమె ముక్కులో దూది ఒకవైపు తీసి ఫోన్ చేసింది.  అవతల ఆయన ఏడ్చాడు. ఏడుస్తూనే జరిగింది చెప్పాడు. ఫొటో కూలీలుండే క్యాంపంతా తిరిగింది. గదిలోవాళ్లందరూ కట్టగట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి పోయారు. అతను ఫొటో చూసి నెత్తిమీద టోపీ తీసి పక్కన పెట్టాడట, కాగితం తెమ్మని కూడా అడగలేదట. సెలవు ఇచ్చారు, మర్నాడే టికెట్. ఇప్పుడు గొంతు విన్నాడు కాబట్టి వెళ్లి, పొరపాటైంది, నా భార్య బతికే ఉందని చెప్పేసి వస్తానన్నాడు.

మేమందరం చుట్టూ నిలబడ్డాం. ఆమె పసుపు ముఖంతో, ఒక ముక్కులో దూదితో, పాడె అంచున కూర్చుని ఫోన్ పట్టుకుని ఉంది. 

"ఏం జెప్పకు," అన్నది చివరికి. "గట్లనే ఏడ్సుకుంట రా."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. భాయి అప్పటికే రెండు చెవులూ పట్టుకుని ఏడుస్తున్నాడు. ఫొటో చూస్తే సినిమాదని సమజ్ కాదా అనుకున్నాను అన్నా, అంటాడు. ఎట్లా సమజ్ అవుతుంది? నిజంగా చచ్చినవాళ్లు కూడా అంత బాగా ఉండరు. నేను అతన్ని తిట్టడం మొదలుపెట్టేలోపు ఆమె అన్నది.

"ఆయన మళ్ల పోయి పనిల చేరాలె తమ్మీ. ఇంక రెండేండ్ల అగ్రిమెంటు ఉన్నది. గీ మొకం బయటికి పోవద్దు."

 టీజర్ ఆ వారమే వదలాలి. హైదరాబాద్‌లో సినిమాలు ఆన్‌లైన్లో చూపించే ఒక చిన్న కంపెనీవాళ్లు, టీజర్ నచ్చితే సినిమా తీసుకుంటామన్నారు. సినిమాలో ఆమె ముఖం లేని షాటు లేదు. ఆమె సినిమాలో ఉండడం కాదు, ఆమే సినిమా. తెలుగులో ఏది వచ్చినా ముందు చూసేది ఆ క్యాంపుల్లోవాళ్లే, పని నుంచి వచ్చాక వాళ్లకు ఇంకేం ఉంది? మొన్న పోయిన మనిషి బోటి కూర కోసం ఊళ్లో గంతులేస్తుంటే సూపర్‌వైజర్ టోపీ మళ్లీ నెత్తికెక్కుతుంది. ఇదంతా నాకు తెలుసు. అయినా గట్టిగా వాదించాను. నా కష్టం సంగతేమిటన్నాను, ఇంతమంది కష్టం గంగలో కలపాలా అన్నాను. ఆమె అన్నం తినలేదు. ముందు సినిమా పూర్తి కానివ్వండి, ఆ తర్వాత చూద్దామని నీళ్లు నమిలి తప్పుకున్నాను.

వాడ సంగతి చెప్పాలి. మా కథ ఎవరికీ చెప్పొద్దని నేను బతిమాలుకుంటే మూడు రోజుల్లో క్లైమాక్స్‌తో సహా కోరుట్ల మొత్తం చెప్పుకున్న ఆడవాళ్లు వీళ్లు. అట్లాంటివాళ్లు ఈ సంగతి మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పకుండానే కడుపులో దాచుకున్నారు. వాళ్ల మొగుళ్లు గల్ఫ్ నుంచి ఫోన్ చేసి, అయ్యో ఎట్లా పోయింది అని అడిగితే, ఆమె పక్కనే కూర్చుని బీడీలు చుడుతుండగా, పాపం నిద్రలోనే పోయిందని చెప్పారు. ఒకామె అయితే ఆమె వైపే చూస్తూ, మంచిమనిషి, నాకు మస్తు సాయం చేసేది అని కన్నీళ్లు పెట్టుకుంది. ఫోన్ పెట్టేశాక, బతికుండగా ఎన్నడన్నా అంటివా ఈ మాట అని మా హీరోయిన్ దెప్పింది. నేను నేర్పితే రాని నటన వీళ్లకు ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

కాకుల వల్ల పాడైన సీన్ ఆయన వచ్చేలోపే మళ్లీ తీసేయాలనుకున్నాను. కాకులు రాని చోటు కావాలి. సిరిసిల్లలో మా బంధువొకాయనకు సాంచాల షెడ్డు ఉంది, సాంచాలంటే మరమగ్గాలు. ఆ చప్పుడుకు కాకి కాదు గదా, అప్పులవాడు కూడా లోపలికి రాడని ఆయనే అంటుండేవాడు. ఆర్డర్లు లేక సాంచాలు నెలల తరబడి ఆగి ఉన్నాయి, ఒక్కటి నడిపితే కాకులు పోతాయి, మన మాటలు కూడా వినిపిస్తాయని ఒప్పందం. మేము పాడె దించిన రోజునే ఆయనకు ఏదో పెద్ద ఆర్డర్ వచ్చింది. అన్ని సాంచాలూ ఒక్కసారిగా నడుస్తున్నాయి. నేను యాక్షన్ అని అరిస్తే నాకే వినిపించలేదు. ఒక గుడ్డ ఊపి మొదలుపెట్టమన్నాను.

షెడ్డు వాకిట్లో పాడె. దాని మీద పూలతో, పసుపుతో ఆమె. చుట్టూ కొడుకులు, కోడళ్లు, విస్తట్లో అన్నీ ఉన్నాయి, కాకులు లేవు. ఇన్నాళ్లకు ఒక్క షాటు నేననుకున్నట్టు వస్తోంది. ఆమె కదలకుండా పడుకుంది. అప్పుడు గేటు దగ్గర ఒక కారు ఆగింది. హైదరాబాద్ నుంచి కోరుట్ల పోయే దారిలోనే సిరిసిల్ల. ఆమె ఇంట్లో లేదని బిడ్డ ఫోన్లో చెబితే ఆయన నేరుగా ఇక్కడికే వచ్చాడు. ఒక అట్టపెట్టె లేదు, దుప్పట్ల మూట లేదు, చావుకు వచ్చినవాడు కాబట్టి చేతులూపుకుంటూ వచ్చాడు. నడవబోయి ఆగిపోయాడు. పాడెను చూశాడు. అంతా ఉత్తుత్తిదేనని తెలిసినవాడే, ఆమె గొంతు విన్నవాడే, అయినా గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

నేను కట్ చెప్పలేదు. చెప్పినా ఎవరికి వినిపిస్తుంది?

ఆమె కళ్లు తెరిచింది. ఎవరు చెప్పారో తెలియదు, చెప్పినా ఆ చప్పుడులో వినబడే వీల్లేదు. మోకాలి మీద చెయ్యి వేసి, ఎప్పుడూ లేచినట్టే లేచింది. పూలు రాలాయి. ముక్కులో దూది తీసేసి, జారిన కొంగు భుజం మీదికి లాక్కుని, గేటు దాకా నడిచి వెళ్లింది. ఏమన్నదో మాకెవరికీ వినిపించలేదు. తర్వాత అడిగితే, తిన్నవా అన్నానని చెప్పింది. అంతే. కొడుకులుగా వేసినవాళ్లు విస్తరి దగ్గర చేతులు కట్టుకుని అట్లాగే చూస్తున్నారు. నా కెమెరా నడుస్తూనే ఉంది. సినిమా మొత్తంలో నేను నమ్మే షాటు అదొక్కటే. అందులో నా డైరెక్షన్ కాస్త కూడా లేదు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు, అందుకని బంధువు మీద అరిచాను, సాంచాలు ఆపవేమని.

సెలవు నెల రోజులు. ఆయన ఎక్కడికీ పోలేదు, రోజూ షూటింగ్‌కు ఆమె వెంట వచ్చేవాడు. అక్క మొగుడు కాబట్టి నేను బావా అన్నాను. బావకు పని చేయకుండా కూర్చోవడం చేతకాదు. రిఫ్లెక్టర్ పట్టుకోమంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా పట్టుకునేవాడు. ఒకటే తంటా, వెలుగు జాంబీల మీద కాకుండా ఎప్పుడూ ఆమె మీదే పడేది. ఇటు బావా, ఇటు అని ఎన్నిసార్లు చెప్పినా కాసేపటికి అటే తిరిగేది. ఎవరైనా ఫోన్ తీస్తే తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు. భార్య చచ్చినవాడు నవ్వుతూ ఫొటోలో కనబడకూడదు కదా.

పోయే రోజు దగ్గరపడ్డాక ఒక సంగతి ఎవరికో తట్టింది. పెండ్లాం చచ్చి, కర్మ చేసి పోయేవాడు నిండు జుట్టుతో, మీసంతో పోతే క్యాంపులో మనవాళ్లు ఏమనుకుంటారు? గుండు ఉండాలి. అందరం భాయి సెలూన్‌కు వెళ్లాం. ఆమె కూడా వచ్చింది. భాయి కత్తికి మళ్లీ మళ్లీ పదును పెడుతూ నిలబడ్డాడు. బావే, కానీయ్ అన్నాడు. అద్దం ముందు ఆయన, వెనక బెంచీ మీద ఆమె. జుట్టు కింద పడుతోంది. పాడె మీద పడుకున్నప్పుడు, ముక్కులో దూది పెట్టినప్పుడు, వాడంతా ఆమె చావు గురించి ఏడ్చినప్పుడు నవ్విన మనిషి, మీసం మీద కత్తి పెట్టగానే నోట్లో కొంగు కుక్కుకుంది. బతికున్న భార్య చూస్తుండగా మొగుడు ఆమె చావుకు గుండు చేయించుకోవడం అంతకుముందు ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు. నేను బయటికి వచ్చి, బండి స్టాండు సరిగ్గా లేదని దాన్ని సరిచేస్తూ నిలబడ్డాను.

బావ వెళ్లిపోయాడు. హైదరాబాద్ కంపెనీవాళ్లు ఫోన్ చేశారు, టీజర్ ఏదని. వస్తోందన్నాను. మళ్లీ చేశారు. ముఖం చూపించని హీరోయిన్‌తో, వెనక నుంచి, మసకగా ఒక టీజర్ కట్ చేసి చూశాను. దరిద్రంగా ఉంది. ముఖం ఉన్నదాన్ని కట్ చేశాను. అద్భుతంగా ఉంది. పంపించడానికి వేలు మీట దాకా వెళ్లింది, నిజం. అప్పుడా గుండు గుర్తొచ్చింది. నన్ను నేను తిట్టుకున్నాను, భాయిని తిట్టాను, కంపెనీల పాస్‌పోర్టు బీరువాలను తిట్టాను, పిలవగానే వచ్చి తినిపోయిన కాకులను కూడా తిట్టాను. కంపెనీవాళ్లు చివరికి ఫోన్ చేయడం మానేశారు. నా కోపం మాత్రం పోలేదు, ఇప్పుడు కూడా ఉంది. ఎవరి మీద అని అడిగితే సరిగ్గా చెప్పలేను, అదొక కోపం.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఆమె స్టూడియోకు వచ్చింది. చేతిలో జగిత్యాల దవాఖాన సంచీ, అందులో మాత్రలు. ఏమైందంటే దగ్గన్నది. దగ్గుకు కోరుట్ల నుంచి జగిత్యాల దాకా ఎందుకన్నాను. ఒక్కసారి సినిమా చూపించమన్నది. ఇంతవరకూ ఆమె చూడనే లేదు. షట్టర్ సగం దించి, సిరిసిల్లలో లేచిన షాటు పెట్టాను. తనే పాడె మీంచి లేచి నడిచిపోవడం చూసింది. కెమెరా ఆమె వెనక ఉంది, గేటు దగ్గర ఆయన ముఖం చిన్నగా కనబడుతుంది. పెద్దగా చేయమన్నది. పెద్దగా చేస్తే ముఖం చెదిరిపోయింది. మళ్లీ చిన్నగానే చేయమని, అట్లాగే చూసింది.

ఆ రెండేళ్లూ ఆగమని, అగ్రిమెంటు అయిపోయి ఆయన తిరిగొచ్చిన రోజున నీ ఇష్టమొచ్చినట్టు వదులుకోమని చెప్పింది. సరేనన్నాను. నేను సరే అనడమేమిటి, ఎప్పుడో అయిపోయిన సంగతి అది. అయినా చిరాకు ఆపుకోలేక, సినిమా ఆగితే ఆగింది గానీ, చిన్న దగ్గుకు ఈ తిరుగుళ్లేమిటక్కా అని కసురుకున్నాను.

"ఒక సావుకు ఒక్కటే సెలవు తమ్మీ," అన్నది, మాత్రల సంచీ ముడి వేస్తూ. "గిప్పుడు నిజంగ పోయిన్ననుకో, మొన్ననే పోయింది గదా అంటరు. ఆయనను పంపరు. ఆయన అచ్చేదాక నేను సావద్దు."

నేను షట్టర్ ఎత్తాను. ఎదురుగా మిర్చీలామె పొయ్యి వెలిగించబోతూ ఇటు చూసి, ఎప్పటిలాగే అడిగింది, సినిమా ఎప్పుడని. నేను నోరు తెరిచేలోపు మా హీరోయిన్ మెట్లు దిగుతూ దగ్గుతూనే జవాబు చెప్పింది.

"అస్తది. మా ఆయన రానీ."